పేలిన తూటా బయటికి రాకపోతే

సింగిల్ షాట్ రైఫిల్‌కి మ్యాగజైన్ ఉండదు. తూటా ఒక్కటి చేత్తో పెట్టాలి, కాల్చాలి, తెరవాలి, ఖాళీ ఇత్తడి తొడుగు తీసేయాలి, మళ్ళీ ఇంకొకటి పెట్టాలి. గురి నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి పంతులు లేడు. ఇక్కడ అమెరికాలో స్కౌటింగ్ క్యాంపులకీ, ఫోర్ హెచ్ షూటింగ్ తరగతులకీ వెళ్ళే మన పిల్లలు తరచుగా మొదట పట్టుకునేది పాయింట్ 22 సింగిల్ షాటే. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ కూడా దీనితోనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలేకి కాంస్యం వచ్చింది అందులోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది మాత్రం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. అందులో తొడుగే ఉండదు కనుక, ఆ పతకం వరకూ ఆయనకి ఇప్పుడు నేను చెప్పబోయే తలనొప్పి లేదు.

తలనొప్పి ఏమిటంటే, తూటా పేలుతుంది, గుండు వెళ్ళిపోతుంది, ఖాళీ తొడుగు మాత్రం లోపలే కూర్చుని బయటికి రానంటుంది. మాది డల్లాస్ దగ్గర. పదిహేనేళ్ళుగా వారాంతాల్లో రేంజ్‌కి వెళ్ళి సింగిల్ షాట్ కాలుస్తుంటాను కాబట్టి, మన సంఘంలో ఎవరి ఇంట్లో ఈ సమస్య వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. "అన్నా, ఎక్స్‌ట్రాక్టర్ పోయినట్టుంది, ఎక్కడ దొరుకుతుంది?" అన్నదే ప్రశ్న. తొడుగు అంచుని పట్టి బయటికి లాగే చిన్న ఉక్కు కొక్కేన్ని ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. తొడుగు రాకపోతే లాగేదాని మీదే కదా అనుమానం పోతుంది! కానీ నా అనుభవంలో పదింట రెండు మూడు సార్లే తప్పు దానిది. అట్టు పెనానికి అంటుకుపోతే అట్లకాడ మార్చిన ఇల్లాలిని నేనెప్పుడూ చూడలేదు. పెనం చూస్తుంది, పిండి చూస్తుంది, మంట చూస్తుంది. ఇక్కడా అంతే. పెనం అంటే చాంబర్, పిండి అంటే తొడుగు, మంట అంటే లోపలి ఒత్తిడి.

ముందు ఒక్క విషయం చెప్పుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. తూటా పేలినప్పుడు ఇత్తడి తొడుగు ఉబ్బి చాంబర్ గోడలకి అతుక్కుంటుంది. అలా అతుక్కోవడం అవసరం కూడా, లేకపోతే వేడి వాయువు వెనక్కి కళ్ళ మీదికి వస్తుంది. ఒత్తిడి దిగగానే ఇత్తడి మళ్ళీ కొద్దిగా ముడుచుకుని గోడని వదిలేస్తుంది. ఆ వదలడంలో ఎక్కడ తేడా వచ్చినా తొడుగు ఇరుక్కుంటుంది. పెద్ద బోల్ట్ రైఫిళ్ళలో పిడి పైకెత్తేటప్పుడే ఒక వాలు తలం తొడుగుని గట్టిగా కొద్దిగా వెనక్కి గుంజుతుంది, అందుకే చిన్నాచితకా అంటుకోవడాలు మనకి తెలియవు. మధ్యకి విరిచి తెరిచే సింగిల్ షాట్‌లో ఆ బలం లేదు. పాత పాయింట్ 22 ల్లోనూ అంతంత మాత్రమే. మన వేలి బలం, చిన్న మీట, అంతే. అందుకని మిగతా తుపాకులు దాచిపెట్టే లోపాన్ని సింగిల్ షాట్ బయటపెట్టేస్తుంది.

ఇక నేను మొదట చేయించే పరీక్ష. ఇరుక్కున్నది నిజంగా పేలిన ఖాళీ తొడుగే అని నిశ్చయం చేసుకున్నాక, దాన్ని గోటితో గానీ చిన్న చెక్క పుల్లతో గానీ అంచు దగ్గర కదిపి చూడండి. సులువుగా వచ్చేస్తే తప్పు ఎక్స్‌ట్రాక్టర్‌ది. రాక మొండికేస్తే ఎక్స్‌ట్రాక్టర్ జోలికి వెళ్ళకండి, ఎన్ని కొత్తవి వేసినా అదే కథ. కత్తి మొనతో పెకిలించడం మాత్రం వద్దు. చాంబర్ అంచు మీద గీత పడితే రెండో జబ్బు మొదలవుతుంది.

ఈ మధ్య ఒక మిత్రుడి ఇంట్లో జరిగింది చెప్తాను. వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు, ఫోర్ హెచ్‌లో చేరాడు. తండ్రి లైసెన్సున్న దుకాణంలో పాత పాయింట్ 22 సింగిల్ షాట్ కొనిచ్చాడు. పదింట మూడు తొడుగులు ఇరుక్కుంటున్నాయి. దుకాణంలో ఎక్స్‌ట్రాక్టర్ మార్చారు, తగ్గలేదు. ఇంకోసారి మార్చారు, రెండోసారీ డబ్బు తీసుకున్నారు, తగ్గలేదు. నాకు ఫోన్ చేసినప్పుడు రైఫిల్ తేవద్దన్నాను. కాల్చిన తొడుగులు ఒక ఇరవై ఏరి డబ్బాలో పట్టుకురమ్మన్నాను.

వంటింటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి వరసగా పెట్టాం. ప్రతి తొడుగు మీదా అంచుకి కొంచెం ముందు చిన్న మెరిసే గీత. అది కూడా ఫైరింగ్ పిన్ కొట్టిన గుంటకి సరిగ్గా పక్కనే, ఇరవైకి ఇరవై. ఇంకేం కావాలి? పాయింట్ 22 లో ప్రైమర్ వేరుగా ఉండదు, పేలే మందు తొడుగు అంచులోనే ఉంటుంది. కాబట్టి ఫైరింగ్ పిన్ అంచు మీదే కొడుతుంది. లోపల తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే, చాలా పాత రైఫిళ్ళలో ఆ పిన్ వెళ్ళి నేరుగా చాంబర్ అంచుకే తగులుతుంది. వందల సార్లు తగిలితే అక్కడ ఉక్కు సొట్టపడి, పక్కకి జరిగిన లోహం చాంబర్ లోపలికి బుడిపెలా పొడుచుకొస్తుంది. తొడుగు ఉబ్బినప్పుడు ఆ బుడిపె దాన్ని పట్టుకుంటుంది.

"ఇంట్లో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీస్ చేస్తావా నాన్నా?" అనడిగాను. "రోజూ అంకుల్, నూరు సార్లు" అన్నాడు గర్వంగా. వాడి తప్పేం లేదు. ఖాళీ తుపాకితో సాధన చేయడం మంచి అలవాటని శిక్షకులే చెప్తారు, చాలా సెంటర్‌ఫైర్ రైఫిళ్ళకి అది హాని చేయదు కూడా. పాత పాయింట్ 22 కి మాత్రం పనికిరాదు. లోపల డమ్మీ తూటా పెట్టుకోవాలి. ఇక్కడివాళ్ళు గోడకి స్క్రూ బిగించేటప్పుడు వాడే పసుపుపచ్చ ప్లాస్టిక్ యాంకర్లు పెడతారు. చవక, సరిపోతాయి కూడా. ఒకటి నలిగితే పారేసి ఇంకొకటి పెట్టుకోవడమే.

ఆ తొడుగులు ఇంకో సంగతి కూడా చెప్పాయి. మూతి దగ్గర చుట్టూ నల్లటి మసి, దానిమీద నిలువుగా ఈడ్చుకొచ్చిన గీతలు. రైఫిల్ తెచ్చాక, ఖాళీ అని ఇద్దరం చూసుకుని, చాంబర్‌లోకి లైటు వేస్తే ముందు భాగంలో నల్లని ఉంగరంలా గట్టిపడిన మసి కనిపించింది. ఎవరో వెనకటి యజమాని పాయింట్ 22 షార్ట్ అనే పొట్టి తూటాలు తెగ కాల్చి ఉంటాడు. పొట్టి తొడుగు ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి ముందుకి మసి పేరుకుంటుంది. తర్వాత పొడుగు తూటా పెడితే దాని మూతి ఆ మసిలోకి దూరి ఇరుక్కుంటుంది. పాయింట్ 357 మ్యాగ్నమ్ రైఫిల్‌లో చవకగా వస్తాయని 38 స్పెషల్ కాల్చేవాళ్ళకీ ఇదే గతి.

మసి సంగతి మేమే చూసుకున్నాం. సాల్వెంట్ పట్టించి రాత్రంతా ఉంచి, పొద్దున్నే కంచు తీగల బ్రష్‌తో చాంబర్ వైపు నుంచి తోమి, గుడ్డ ముక్కలతో తుడిచాం. నాలుగు విడతలు పట్టింది. చివరికి చాంబర్‌ని పొడిగా తుడవాలి, ఇది చాలామంది మరిచిపోతారు. నూనె మిగిలితే తొడుగు గోడని పట్టుకోలేక వెనక్కి ఎక్కువగా తన్నుతుంది, ఆ భారమంతా తాళం మీద పడుతుంది. తొడుగు జారి వస్తుంది కదా అని చాంబర్‌లో నూనె రాయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి.

బుడిపె మాత్రం గన్‌స్మిత్ పని. ఆకురాయి పెట్టి రాసేస్తే పోదా అంటాడు మా మిత్రుడు. పోతుంది, దానితోపాటు చాంబర్ అంచూ పోతుంది. అక్కడ తొడుగుకి ఆసరా తగ్గితే ఉబ్బుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. దీనికోసమే చాంబర్ ఐరన్ అని ఒక పరికరం ఉంది. గట్టి ఉక్కుతో చేసిన నున్నటి కడ్డీ, కొస కొంచెం సన్నం. దాన్ని చాంబర్‌లోకి నొక్కి తిప్పితే పొడుచుకొచ్చిన లోహం మళ్ళీ తన చోటికి వెళ్తుంది. చెరిపేయడం కాదు, ఇస్త్రీ చేయడం. ఊళ్ళో ఒక పెద్దాయన పదిహేను నిమిషాల్లో చేసిపెట్టాడు. రెండు ఎక్స్‌ట్రాక్టర్లకైన ఖర్చులో సగం కూడా తీసుకోలేదు.

అన్నట్టు, ఇలాంటి మరమ్మతు ఇతరుల కోసం వ్యాపారంగా చేయాలంటే ఇక్కడ ఫెడరల్ లైసెన్సు ఉండాలి. అందుకే నేను చూసి చెప్పడం, పక్కనుండి శుభ్రం చేయించడం వరకే. పనిముట్టు పట్టేది లైసెన్సున్నవాళ్ళే.

ఆ తండ్రి చెప్పిన మాటల్లో నన్ను భయపెట్టింది వేరే ఉంది. తొడుగు ఇరుక్కున్నప్పుడల్లా గొట్టం మూతి వైపు నుంచి కడ్డీ దోపి కొట్టి తీస్తున్నాట్ట. "ఒకసారి పేలనిది కూడా ఇరుక్కుంది అన్నా, అదీ అలాగే తీశాను." పిల్లాడు పక్కనే నిలబడి ఉన్నాడట.

పేలని తూటాని మూతి వైపు నుంచి కడ్డీతో కొట్టకూడదు. ఎప్పుడూ, ఎవరూ. చెయ్యి గుండుకి ఎదురుగా ఉంటుంది. తాళం తెరిచి ఉంటే తొడుగుకి వెనక ఆసరా ఉండదు, పేలితే ఇత్తడి ముక్కలు వెనకున్నవాళ్ళ మీదికి వస్తాయి. పాయింట్ 22 లో పేలే మందు అంచు చుట్టూ ఉంటుంది కనుక, కొట్టేటప్పుడు ఆ అంచు దేనికి ఆనినా ప్రమాదమే. ఫైరింగ్ పిన్ గుంట కనిపించింది కాబట్టి పేలేసింది అనుకోవడం ఇంకో పొరపాటు. గుంట పడి కూడా పేలనివి ఉంటాయి, ఆలస్యంగా పేలేవీ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కినా చప్పుడు రాకపోతే గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆ తర్వాతే తెరవాలి. చప్పుడు, భుజానికి తన్ను, కాగితం మీద చిల్లు మూడూ ఉంటేనే అది ఖాళీ తొడుగు. ఒక్కటి తగ్గినా లోపల తూటా ఉన్నట్టే లెక్క. చప్పుడు మామూలు కంటే బలహీనంగా వస్తే గుండు గొట్టం మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు, అప్పుడు ఇంకో తూటా వేయడమంటే గొట్టాన్ని బాంబు చేయడమే.

రేంజ్‌లో ఉంటే చెయ్యెత్తి ఆఫీసర్‌ని పిలవండి. ఇంకెక్కడైనా ఉంటే ముందు గన్‌స్మిత్‌కి ఫోన్ చేసి, లోపల పేలని తూటా ఉందని చెప్పి, ఏం చేయమంటే అది చేయండి. చెప్పకుండా దుకాణంలోకి పట్టుకెళ్తే వాళ్ళు బయటికి పొమ్మంటారు, అది న్యాయమే.

ఎక్స్‌ట్రాక్టర్ మీద నింద పడ్డం ఇవాళ్టిది కాదు. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర కస్టర్ దళం చేతిలో ఉన్నది స్ప్రింగ్‌ఫీల్డ్ సింగిల్ షాట్ కార్బైన్. ఆ యుద్ధంలో బతికి బయటపడ్డ మేజర్ రీనో తొడుగులు ఇరుక్కుపోయాయని పైవాళ్ళకి ఫిర్యాదు చేశాడు. అప్పటి తొడుగులు ఇత్తడివి కావు, మెత్తటి రాగి రకానివి. పైగా తోలు బెల్టుల్లో ఉండి చిలుము పట్టేవి. 1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడ్డాక పురాతత్వవేత్తలు తవ్వి తొడుగులు ఏరి చూస్తే, పెకిలించిన గీతలున్నవి కొద్దిగానే దొరికాయి. ఓటమికి అదే కారణం కాదన్నమాట. కానీ ఆ కొద్దిమందిలో ఒకడై చేతిలో కత్తితో తొడుగు పెకిలిస్తూ కూర్చున్నవాడికి అదే మొత్తం యుద్ధం.

సూడాన్‌లో 1885 జనవరి 17న అబూ క్లియా దగ్గర బ్రిటిష్ సైనికుల మార్టినీ హెన్రీలదీ ఇదే గోల. ఆ తూటా తొడుగు పల్చటి ఇత్తడి రేకుని చుట్టచుట్టి చేసింది. వేడికి, ఇసుకకి అది లోపల అతుక్కుపోయేది. చివరికి కుదిరిన మందు, రేకు చుట్టకి బదులు ఒకే ముక్కగా సాగదీసిన గట్టి ఇత్తడి తొడుగు. పెనం కాదు, అట్లకాడ కాదు, పిండే మార్చారు.

పిండి తర్వాత మంట. ఊరి బయట పదెకరాలు కొన్న ఇంకో మిత్రుడున్నాడు. టెక్సాస్ అడవి పందుల సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒక్క రాత్రిలో చేను దుక్కి దున్నినట్టు చేసిపోతాయి. మధ్యకి విరిచే పాయింట్ 223 సింగిల్ షాట్ కొని, తూటాలు సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టాడు. కాల్చిన ప్రతిసారీ రైఫిల్ మోకాలి మీద పెట్టి బలవంతంగా తెరవాల్సి వస్తోంది. చాంబర్ శుభ్రంగా ఉంది, లోపల గరుకు లేదు, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పదునుగానే ఉంది. దుకాణంలో కొన్న తూటాలు ఒక పదివేయించాను. పదికి పదీ వేలితో తీస్తే వచ్చాయి. ఇక తుపాకిని తిట్టడం దేనికి?

స్టీలు గ్లాసులో గ్లాసు ఇరుక్కోవడం మన ఇళ్ళలో మామూలే కదా. బయటి గ్లాసుని వేడి నీళ్ళలో పెడితే సాగి లోపలిదాన్ని వదులుతుంది. తూటా విషయంలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే ఉక్కు చాంబర్ కూడా కొంచెం సాగుతుంది. ఒత్తిడి దిగాక ఉక్కు పూర్తిగా వెనక్కి వస్తుంది, అంత దూరం సాగిన ఇత్తడి రాలేదు. ఉక్కు ఇత్తడిని బిగించి పట్టుకుంటుంది. 45-70 వంటి పాతకాలపు తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 28,000 పీఎస్‌ఐ, 30-30 కి 42,000. పాయింట్ 223 కి 55,000. తాతల నాటి తూటాలతో సింగిల్ షాట్‌లో హాయిగా వచ్చే తొడుగు, దీనితో మొండికేయడంలో వింతేముంది? అందులోనూ ఇతగాడు వేరొకరి బోల్ట్ రైఫిల్‌కి కుదిరిన మందు కొలత చీటీ మీద రాసుకొచ్చి అదే పోస్తున్నాడు. కాల్చిన ప్రైమర్లు చూస్తే చపాతీల్లా అణిగిపోయి ఉన్నాయి. తొడుగు ఇరుక్కోవడం ఇక్కడ జబ్బు కాదు, జ్వరం. ఇలాంటప్పుడు బలమైన ఎక్స్‌ట్రాక్టర్ వేయించుకోవడమంటే థర్మామీటర్ పగలగొట్టడమే.

కాలుస్తున్న తూటాలన్నీ పక్కన పెట్టించాం. మాన్యువల్‌లో రాసిన కనిష్ఠ కొలతతో మళ్ళీ మొదలుపెట్టమన్నాను. తొడుగుని మెడ దగ్గర మాత్రమే సరిచేసి వదిలేస్తున్నాడు. బోల్ట్ రైఫిల్‌కి కొందరు అలా చేస్తారు గానీ లాగే బలం తక్కువున్న ఈ రకానికి పనికిరాదు. పూర్తి పొడవునా సరిచేసే అచ్చు వాడాలి.

మూడు తరాల సామాను మా గరాజ్‌లో చూశాక చెప్తున్నాను, ఎక్స్‌ట్రాక్టర్ తప్పు చేయదని కాదు. కొక్కెం కింద మసి ముద్ద చేరినా, కొన అరిగినా, స్ప్రింగ్ చచ్చినా అంచు మీద నుంచి జారిపోతుంది. అంచు లేకుండా గాడి మాత్రమే ఉన్న పాయింట్ 223 వంటి వాటికి కొక్కెం స్ప్రింగ్ మీద కదులుతూ గాడిలోకి దూరాలి, అందుకే వాటిలో ఈ తిప్పలు ఎక్కువ. గాడి కొరికినట్టు చిరిగి ఉండి, తొడుగు గోటితో వచ్చేస్తుంటే నిస్సందేహంగా కొత్తది వేయించండి. అయితే వేయించే ముందు కిందున్న మసి తీసి చూడండి. సగం సార్లు అంతటితో సరి.

ఆ మిత్రుడి విషయంలో ఇంకొక్క మాట. ఊరి నుంచి కొత్తగా వచ్చిన బావమరిదిని పందుల వేటకి తీసుకెళ్ళాలని, రైఫిల్ తుడిచే పని కూడా అతనికే అప్పగించాలని సరదాపడ్డాడు. ఆగమన్నాను. హెచ్‌1బి, ఎఫ్‌1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. జేబులో తూటా ఒక్కటి ఉన్నా చట్టం దృష్టిలో ఉన్నట్టే. సరదాకి పోయి ఇమ్మిగ్రేషన్ చిక్కుల్లో పడడం ఎందుకు, ముందు లాయర్‌ని అడగమన్నాను. బావమరిది వేట లైసెన్సు తీసుకుని, లాయర్ సరేనన్నాకే చేతిలోకి తీసుకున్నాడు.

కొలత తగ్గించాక తొడుగులు రెండు వేళ్ళతో వస్తున్నాయి. పందులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయిట.